గుప్పెడు తవుడు

అప్పలసూరి ఫోన్ని అరుగు మీద గోడకి ఆనించి, సౌండు పూర్తిగా పెంచేశాడు. గుమ్మం ముందు ఆగిన ఆటో ఇంకా ఇంజను ఆపలేదు. ఆ రొదని మించి పద్మకుమారి గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

నాటకం పందిట్లో ఆఖర్న కూర్చున్న ముసలాడికి కూడా పద్యం వినపడాలని చిన్నప్పట్నుంచీ సానపట్టిన గొంతు అది. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్నావిడ తడి చీర చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

“...నాకన్నా ముందు పుట్టినవాళ్లు ఒక్కరూ దక్కలేదట. అందుకని నన్ను తవుడికి అమ్మారు. మా వైపు అది మామూలే. పరాయి మనిషెవరో చేటలో తవుడు పోసి పసిబిడ్డని కొనుక్కుంటుంది. ఆ పూటే తల్లి మళ్లీ తవుడిచ్చి తన బిడ్డని తను కొనుక్కుంటుంది. ఈ బిడ్డ ఈ ఇంటిది కాదనుకుని చావు గుమ్మం దాటి పోతుందని నమ్మకం. నన్ను కొన్న మనిషి తాయారు. మా ఊళ్లో నాటకం ఆడడానికొచ్చిన ఆర్టిస్టు. కన్నతల్లి పురిటి జ్వరంతో మంచం దిగలేకపోయింది. నాటక సమాజం లారీ ఎక్కేసింది. తాయారు ఒళ్లో నేనూ ఎక్కేశాను. తిరిగి కొనుక్కోవడానికి ఎవరూ రాలేదు. గుప్పెడు తవుడు చాలు. వరి పండే ఇల్లు, పాడి ఉన్న ఇల్లు. తవుడంతా గేదెలే తినేశాయి కాబోలు.”

అప్పలసూరి ఫోను ఆపాడు.

“ఇన్నావా అప్పా? నాను కల్పించింది కాదు. నీ నోటి మాటే.”

అతని అక్క పద్మకుమారి గుమ్మంలో నిలబడి ఉంది. తన మాట తనకే వినిపిస్తే ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. సీరియల్ డబ్బింగ్ చెప్పేటప్పుడు ఎన్నోసార్లు విన్నది. ఇలా మాత్రం ఎప్పుడూ వినలేదు. ఎందుకంటే ఆ మాటలు ఎవరి గురించి చెప్పిందో ఆ మనిషి అరుగు కింద మెట్టు మీద కూర్చుని ఉంది.

గౌరమ్మ. ఎనభై దాటిన మనిషి. నడివలస నుంచి ఆటోలో కుదుపుల మీద వచ్చి, లోపలికి రమ్మంటే రాక, కుర్చీ వేస్తే కూర్చోక, మంచినీళ్ల గ్లాసు పక్కన పెడితే దాని వంక చూడక, వీధి మెట్టు మీద ముడుచుకుని కూర్చుంది. ఒళ్లో చిన్న మూట ఉంది. రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి.

“అమ్మమ్మని అలా ఎండలో కూర్చోబెట్టి తగువేంటి మావయ్యా? లోపలికి తీసుకురండి, మాట్లాడుకుందాం,” అంది తులసి. పద్మకుమారి కూతురు ఆమె. ఊళ్లోనే డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. తల్లి చెప్పే జీవితకథని ఫోనులో రికార్డు చేసి, ఆదివారం ఆదివారం యూట్యూబులో పెట్టడం ఆమె ఆలోచనే. తర్వాత అవన్నీ కాగితం మీదకెక్కాయి. విజయనగరంలో ఒక పబ్లిషరు పుస్తకం వేస్తానన్నాడు. పేజీలన్నీ అయిపోయాయి, ఈ ఒక్క అధ్యాయానికి పద్మకుమారి సరే అంటే సాయంత్రానికి పంపేయాలి.

“మీ అమ్మమ్మ ఈ గుమ్మం ఎప్పుడు తొక్కింది గనక? ఎండలో నాను కూకోబెట్టినానేటి?” అన్నాడు అప్పలసూరి.

అతను చెప్పుకొచ్చింది చాలా ఉంది. పొద్దున్నే టీ కొట్టుకెళ్తే, ‘సూరిబాబూ, మా దూడకి కాస్త తవుడు ఇప్పించవా’ అంటున్నారట. పంచాయితీ ఆఫీసులో చదువుకున్న కుర్రాడొకడు, మీ అక్కగారి ఎపిసోడ్ చాలా బాగుందండీ అని మెచ్చుకున్నాడట. ఆ మెచ్చుకోలే ఎక్కువ మండిందట. నడివలసలో సగం మందికి గౌరమ్మ పెద్దమ్మో, పిన్నమ్మో, అత్తో. వాళ్లంతా ఇప్పుడు ఆమెను చూడగానే మాట మార్చేస్తున్నారట.

“ఈశ్వరి ఫోనులో పెట్టినప్పుడు అమ్మ ఇన్నాది. నా పెళ్లానికైనా బుద్ధి ఉండక్కర్నేదా? అప్పట్నుంచి మెతుకు ముట్టనేదు. నీకాడికి తీసుకెల్లమని ఒకటే పోరు. తీసుకొచ్చినాను. అడుగు. నువ్వే అడుగు.”

“నేను అబద్ధం చెప్పానా సూరీ? ఒక్క అబద్ధం ఉంటే చూపించు. పుస్తకంలోంచి తీసేస్తాను,” అంది పద్మకుమారి.

“నిజమైతే వీధిలో పెట్టీడమేనా?”

ఆ మెట్టు మీద మనిషి వినేటట్టు దానికి జవాబు చెప్పాలనిపించలేదు పద్మకుమారికి.

గుమ్మం తొక్కలేదన్న మాట నిజమే. టీవీలో పద్మకుమారి మొహం కనిపించడం మొదలయ్యాక, ‘ఈవిడ మన తవుటమ్మే, తవుడికి అమ్మిన పిల్ల’ అని ఎవరో చెబితే, అప్పలసూరి వెతుక్కుంటూ వచ్చాడు. ముక్కు, గడ్డం అచ్చు తనవే. చూడగానే ఇద్దరికీ నవ్వొచ్చింది. అతని వెంటే ఆమె నడివలస వెళ్లింది. పెరట్లో గౌరమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కాళ్లకి దండం పెట్టబోతే రెండడుగులు వెనక్కి వేసింది. మళ్లీ వంగితే మళ్లీ వెనక్కి జరిగింది. పద్మకుమారి అలా వంగే ఉండిపోయి, మెల్లగా నడుం ఎత్తింది.

నాటకాలదాని చెయ్యి తగిలితే మైల అనుకుంది కాబోలు, అని ఆ సాయంత్రం బస్సులో తిరిగొస్తూ తీర్మానించుకుంది. ఆ మాటా ఈ అధ్యాయంలోనే ఉంది.

ఆ తర్వాత కూడా పండక్కీ పబ్బానికీ అప్పలసూరి వచ్చేవాడు, ఈశ్వరి కూరగాయలు పంపేది. గౌరమ్మ మాత్రం రాలేదు. ఏడ్చే తల్లి వేషం కావాలంటే హైదరాబాదు నుంచి పద్మకుమారికి ఫోను వచ్చేది. కళ్లలో మందు వేసుకోనక్కర్లేని ఆర్టిస్టని పేరు. ఎలా ఏడుస్తారండీ అంత తేలిగ్గా, అని కొత్త పిల్లలు అడిగితే నవ్వేసేది. ఎవరూ రాని గుమ్మం ఒకటి ఆమె లోపల ఎప్పుడూ తెరిచే ఉండేదని వాళ్లకెలా చెబుతుంది?

“లేవండి. ముందు కాస్త మజ్జిగైనా తాగండి,” అంది ఇప్పుడు. కన్నతల్లిని ఏ వరసా పెట్టి పిలవకుండా మాట్లాడడం ఆమెకి అలవాటైపోయింది.

గౌరమ్మ తలెత్తింది.

“నానొచ్చినాను,” అంది.

“వచ్చారు. అదే, లోపలికి రమ్మంటున్నాను.”

“ఇప్పుడు కాదు. అప్పుడు. నిన్ను కొనుక్కోడానికి నానొచ్చినాను.”

ఆటో అబ్బాయి ఇంజను ఆపేశాడు. అప్పలసూరి ఫోను తీసి జేబులో పెట్టుకోబోయి, పెట్టుకోకుండా అలాగే పట్టుకున్నాడు. అతని మొహం చూస్తే ఈ మాట అతనూ మొదటిసారే వింటున్నట్టుంది.

“ఎక్కడికి?” అంది పద్మకుమారి.

“కోటకి. శృంగవరపుకోట. సంతకాడ మీ నాటకం. నువ్వు అప్పటికి బాగా నడిసే గుంటవి. ఈడింకా పాలు తాగుతన్నాడు, మా అత్తకాడ వొదిలీసి వొచ్చినాను. మీ అయ్యకి కూడా సెప్పనేదు. కొంగున తవుడు ముడేసుకున్నాను. ఆడోల్ల మజ్జిన కూకున్నాను.”

మూట మీద వేళ్లు కదిలాయి.

“నువ్వు రాజుగారి కొడుకువి. మగగుంటడి ఏసం. కిరీటం నీ సెవుల మీదకి జారిపోతన్నాది. నవ్వొచ్చింది నాకు. అంతట్లోకే రాజుగారి కొడుక్కి జొరమొచ్చింది. సచ్చిపోనాడు. తాయారు నిన్ను ఒల్లో ఏసుకుని పద్యం ఎత్తుకున్నాది. పందిట్లో ఆడోల్లందరూ ఒకటే ఏడుపు. నాకు ఏడుపు రానేదు. కాల్లు సల్లబడిపోనాయి. నీ ముందు పుట్టినోల్లు నా ఒల్లో అలగే కదా పోనారు. జొరంతోటే. తలకాయ అలగే ఎనక్కి ఏలాడిపోనాది.”

పద్మకుమారికి ఆ వేషం గుర్తుంది. ఆమె మొదటి వేషం అదే. యువరాజు చచ్చిపోయాక ఊపిరి బిగబట్టి పడుకోవాలి. తాయారు పద్యం పాడుతూ పాడుతూ మధ్యలో కనపడకుండా గిల్లేది, నిద్రపోకుండా.

“తెరెనక్కి పరిగెట్టినాను. నువ్వు పెట్టి మీద కూకుని బెల్లం జీల్లు తింతన్నావు. మొకం మీద రంగు అలగే ఉన్నాది. తాయారుతో అన్నాను, ఏటమ్మా ఇది, పిల్ల సచ్చిపోనట్టు సూపిత్తన్నారు, తప్పు కాదా అని. తాయారు నవ్వింది. రోజూ సస్తాదమ్మా, రోజూ లెగుస్తాది, రేపు ఇంకో ఊల్లో మల్లీ సస్తాది, అన్నాది.”

“తవుడు?” అంది తులసి. ఆమె ఎప్పుడు గుమ్మం దాటి వచ్చి మెట్టు పక్కన కూర్చుందో ఎవరూ చూడలేదు.

“ఇప్పీసినాను. ఇదిగోనమ్మా, నా పిల్లని నాకిచ్చీ అన్నాను. తాయారు మారుమాట ఆడనేదు. కొంగు పట్టింది.”

పద్మకుమారి చెయ్యి గుమ్మం మీద బిగుసుకుంది. “తాయారు కొంగు పట్టిందా?”

“పట్టింది. గుప్పిట సాపినాను. అప్పుడు తోసింది నాకు. రోజూ సచ్చేదాన్ని మల్లీ సంపడానికి సావుకి పనేటి? దానికి అలవాటైపోనాది. దీన్ని నా ఇంటికి తీసుకెల్తే ఒకే పాలి సస్తాది.”

వీధిలో ఎక్కడో కుక్కర్ కూత వేసింది.

“సెయ్యి ఎనక్కి తీసుకున్నాను. నానే. తాయారు కాదు.”

మరి పెరట్లో నేను వంగితే వెనక్కి ఎందుకు జరిగారు, అని పద్మకుమారి అడగలేదు. గౌరమ్మే చెప్పింది, ఎవరో అడిగినట్టుగా. ముట్టుకుంటే నాదైపోతావని బయ్యం, అంది.

పద్మకుమారి లోపలికి వెళ్లిపోయింది.

అలా వెళ్లిపోవడం ఆమెకి అలవాటు లేదు. స్టేజీ మీదైనా, ఇంట్లోనైనా ఎదుటి మనిషి మాట పూర్తయ్యాక ఒక్క క్షణం నిలబడి, ఆ మాటకి విలువ ఇచ్చి, అప్పుడు కదలాలని తాయారు నేర్పింది. వంటింట్లోకి వెళ్లి, పని లేకపోయినా స్టవ్ ముట్టించి, మళ్లీ ఆపేసింది.

గోడ మీద తాయారు ఫొటో ఉంది. రాణి వేషంలో, పక్కకి తిరిగి, ఎవరినో చూస్తున్నట్టు నవ్వుతూ. నాటకం అయ్యాక రంగు కడిగేది ఈ మనిషే. కొబ్బరినూనె రాసి, తవుడు పెట్టి రుద్దేది. ఊరూరా తవుడు అడిగి తెచ్చేవారు అందుకోసం. బుగ్గలు మండేవి. ఏడిస్తే, ‘ఇదిగోనే నీ ఖరీదు. రుద్దుకో, ఇంకా మెరుస్తావు’ అని నవ్వించేది. ఆ నవ్వులోనే ఒకరోజు పద్మకుమారి అడిగింది, నన్ను కొనుక్కోవడానికి మావాళ్లెవరూ రాలేదా అమ్మా, అని. తాయారు తవుడు దులుపుకుంటూ, ‘ఎవరొస్తారే నీకోసం? నేనున్నాను కదా’ అంది.

ఆ మాట మీదే పద్మకుమారి బతుకంతా నడిచింది. తాయారు నన్ను ఎవరికీ ఇచ్చేది కాదు, రాజ్యమిచ్చినా ఇచ్చేది కాదు. పుస్తకంలో ఈ వాక్యం రాసుకున్నప్పుడు తులసి కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు ఆ వాక్యానికి అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడ్డారు. కన్నది వచ్చిందట, వచ్చి వదిలేసి వెళ్లిందట. కొన్నది, అడగ్గానే కొంగు పట్టిందట.

“అమ్మా,” అంది తులసి వెనకనుంచి. “అమ్మమ్మ చెప్పేది నిజమేనా?”

“తెలీదు.”

“నీకు తెలీకపోవడమేంటి? ఎవరైనా ఒక్క డైలాగు దొంగగా చెబితే పట్టేస్తావు కదా నువ్వు.”

అదే పద్మకుమారిని కలవరపెడుతున్నది. జీవితమంతా మొహాలు చూసి బతికింది. కన్నీరు ఎక్కడ మొదలవుతుందో, గొంతు ఎక్కడ బొంగురు పోతుందో, అది లోపల్నుంచి వచ్చిందో పైన పూసుకున్నదో చెప్పగలదు. గౌరమ్మ మొహంలో ఏమీ లేదు. కన్నీరు లేదు, వణుకు లేదు. కరువు సంవత్సరం గురించి చెప్పినట్టు చెప్పింది. అంత ఖాళీగా చెప్పేవాళ్లు ఇద్దరే. నిజం చెప్పేవాళ్లు ఒకరు. ఆకలితో మాడి, కొడుకు పరువు కాపాడడానికి ఒక కథ కట్టుకుని, దాన్ని రాత్రింబవళ్లు వల్లె వేసుకుని వచ్చినవాళ్లు ఇంకొకరు.

“పబ్లిషర్ గారు రెండుసార్లు ఫోన్ చేశారు. ఏం చెప్పను?”

“ఆగమని చెప్పు.”

“ఎన్నాళ్లు ఆగమను? గురువారం దాటితే...” తులసి మాట మింగేసింది. బల్ల మీద మందుల డబ్బా జరిపి పెట్టింది. “ఇవాళ మాత్ర వేసుకున్నావా?”

గురువారం పద్మకుమారికి విశాఖపట్నంలో గుండె ఆపరేషను. వాల్వు మార్చాలన్నారు. నడివలసకి ఆ సంగతి చెప్పలేదు. చెబితే అప్పలసూరి ఊరందర్నీ వెంటేసుకుని ఆస్పత్రికి వస్తాడని నవ్వుతూ దాచింది. పుస్తకం తొందర కూడా అందుకే. ఆపరేషను బల్ల ఎక్కేముందు తన మాట తను కాగితం మీద చూసుకోవాలని పంతం పట్టింది. తను నమ్మిన మాటే ఉండాలి అందులో. అరవై దాటాక, ఏది నిజమో తేల్చుకోడానికి ఇవాళ ఒక్క పూటే మిగిలింది.

బయట అప్పలసూరి గొంతు తగ్గింది. ఇన్నాళ్లూ నాకెందుకు సెప్పనేదమ్మా, అని అడుగుతున్నాడు. గౌరమ్మ జవాబు వినపడలేదు. పద్మకుమారి మళ్లీ గుమ్మంలోకి వచ్చేసరికి అతను మెట్టు పక్కన నేల మీద చతికిలబడి ఉన్నాడు. కోపం పోయిన మనిషి కోపమున్నప్పటికన్నా పెద్దవాడిలా కనిపించాడు.

“అప్పా, ఇదే రాసీ,” అన్నాడు. “మా అమ్మ వొచ్చిందని రాసీ. సాలు.”

“రాస్తే తాయారు నాకు అబద్ధం చెప్పిందని కూడా రాయాలి.”

“రాయి. పోయిన మనిషే కదా.”

“నీకు పోయిన మనిషి.”

అప్పలసూరి తల దించుకున్నాడు.

పద్మకుమారి గౌరమ్మ వంక తిరిగింది. ఒక్క మాట అడిగితే తేలిపోతుందనిపించింది. కట్టుకథ చెప్పేవాళ్లకి కొసరు మాటలు దొరకవు.

“మీరు చెయ్యి వెనక్కి తీసుకున్నాక తాయారు ఏమంది?”

గౌరమ్మ కళ్లు చిట్లించి కూతుర్ని చూసింది. సంతలో దూడని బేరమాడే మనిషి చూపు అది.

“అన్నాది. ఒక మాట అన్నాది.”

“ఏమని?”

“తవుడు పట్టు. సెప్తాను.”

ఒళ్లో మూట ముడి విప్పింది. ఎర్రటి తవుడు, కొత్తది. గాలికి సన్నటి పొడి లేచింది. పొద్దున్నే మిల్లుకెళ్లి అడిగి తెచ్చుకుందట. ఆటోలో రెండుసార్లు విప్పి చూసుకుందని అప్పలసూరి గొణిగాడు.

“ఇప్పుడెందుకు?” అంది పద్మకుమారి.

“నాను పోతే నీకు మైల పట్టదు. తిరిగి కొనుక్కోని పిల్లకి మైలేటి? నా పేరు సెప్పి తలకి నీల్లు పోసుకునే ఆడపిల్ల నేకుండా పోతాను.” మొదటిసారి కొంచెం మెత్తగా అంది. “ఇంక నిన్ను దాసక్కర్నేదు కదా. అరవై దాటీసినావు. సావు నిన్ను మర్సిపోనాది.”

తులసి తల్లి వంక చూసింది. పద్మకుమారి చూడలేదు.

“కొన్న మనిషి చేతికే కదా ఇవ్వాలి తవుడు?” అంది.

“అవును.”

“తాయారు లేదు.”

“తాయారు మనిషివి నువ్వున్నావు కదా. ఆవిడ తరపున నువ్వే పట్టు.”

పద్మకుమారికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఇదెక్కడి బేరం? తాయారు కూతురిగా కొంగు పట్టి, తనని తనే గౌరమ్మకి అమ్మేయాలి. పట్టినంతసేపూ తాయారు బిడ్డ. తవుడు పడ్డాక గౌరమ్మ బిడ్డ. ఏ నాటకంలోనూ ఇలాంటి వేషం వెయ్యలేదు తను. ఒకే మనిషి అమ్ముడుపోవాలి, అమ్మేదీ తనే కావాలి.

తులసి చేతిలో ఫోను ఎత్తి, రికార్డు చెయ్యనా అన్నట్టు చూసింది. పద్మకుమారి వద్దని తల ఊపింది. ఈ కథ చెప్పడం మొదలుపెట్టాక ఆమె వద్దన్నది ఇదే మొదలు.

గుమ్మం దాటి మెట్టు మీదకి దిగింది. గౌరమ్మ ముందు నేల మీద కూర్చుంది. భుజం మీద కొంగు తీసి, రెండు చేతులా పరిచి పట్టింది. గౌరమ్మ మూటలోంచి గుప్పెడు తీసింది. ఎండిపోయిన గుప్పిట. వేళ్ల సందుల్లోంచి సన్నగా రాలుతోంది.

కిందకి కూర్చోవడంతో పద్మకుమారికి ఊపిరి అందలేదు. ఒక చెయ్యి కొంగు వదిలి ఛాతీ మీదకి పోయింది.

“అమ్మా!” తులసి ఒక్క అంగలో వచ్చి పట్టుకుంది. “కింద కూర్చోవద్దన్నారా లేదా? గురువారం ఆపరేషన్ పెట్టుకుని ఏంటిది? గుండె ఇప్పుడే...”

చెప్పాక తెలిసింది ఆమెకి, ఏం చెప్పిందో.

గౌరమ్మ చెయ్యి కొంగు మీద, గాల్లో ఆగిపోయింది.

“ఏటి ఆపరేసను?”

అప్పలసూరి మోకాళ్ల మీద లేచి, “గుండెకా? అప్పా, గుండెకా?” అన్నాడు.

ఆ చెయ్యి వణికింది. ఇందాక అంత కథ చెప్పినప్పుడు వణకని మనిషి. పెదాలు, గడ్డం, మోచేయి, అన్నీ ఒక్కసారే వణికాయి. పద్మకుమారి కన్నార్పకుండా చూసింది. కోట సంతలో తెర వెనక ఏం జరిగిందో ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఎదురుగానే జరుగుతోంది.

గుప్పిట మూసుకుంది. వెనక్కి వెళ్లింది. తవుడు తిరిగి మూటలో పడింది. గౌరమ్మ ముడి వేసింది. చేతులు ఆడక పళ్లతో బిగించింది.

“పద సూరీ. ఇంటికెల్పోదాం.”

“అమ్మా,” అంది పద్మకుమారి.

ఆ పిలుపు గౌరమ్మకి అందింది. మెడ నరాలు కదిలాయి. కానీ తల తిప్పలేదు. లేచి నిలబడి, ఎదురింటి మేడ వైపూ, వీధి చివర వైపూ, ఇంకా పైకి, ఎవరో అక్కడ నిలబడి వింటున్నట్టు చూసి, బలమంతా కూడదీసుకుని గొంతెత్తింది.

“నాకు ఆడపిల్లల్నేరు. ఈవిడెవులో నాటకాలామె. నాకేటీ కాదు.”

ఎంత చేతకాని నటన. గొంతు ఎక్కడ ఎత్తాలో తెలీదు, ఎక్కడ దించాలో తెలీదు. చివరి మాట మధ్యలోనే విరిగిపోయింది. అది విని ఎవరు నమ్ముతారో, ఎవరు నమ్మాలని చెప్పిందో, వాళ్లకే తెలియాలి.

అప్పలసూరి రెండడుగులు ఇటు, రెండడుగులు అటు వేసి, చివరికి తల్లి వెనకే ఆటో ఎక్కాడు. ఆటో మలుపు తిరిగింది. తాయారు అన్న ఆ ఒక్క మాట కూడా దానితోపాటే వెళ్లిపోయింది.

“లే అమ్మా. మెల్లగా,” అంది తులసి. తల్లి భుజం కింద చెయ్యి వేసి, అలాగే ఆగిపోయింది.

పద్మకుమారి ఒడిలోకి జారిన కొంగు మీద, గుప్పిట మూసుకునేలోపు రాలిన తవుడు కొంచెం ఉంది. చిటికెడు కూడా లేదు.

“అమ్మా, ఇది...” తులసి గొంతు తగ్గించింది. “ఇది ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?”

లోపల ఫోను మోగుతోంది. విజయనగరం నుంచే అయి ఉంటుంది. పద్మకుమారి కొంగు వంకే చూస్తూ కూర్చుంది. దులపడానికి చెయ్యి రాలేదు. ముడి వేసుకోవడానికీ రాలేదు.